గిన్నె చిన్నదైంది, పప్పు చిక్కబడాలి

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు 43 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు. బరువు తగ్గడానికి నాలుగున్నర నెలల క్రితం స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పుడు 108 కిలోలు ఉన్నాను, ఇప్పుడు 84. షుగర్ మాత్రలు ఆపేశారు, మోకాళ్ల నొప్పి తగ్గింది. అంతవరకు సంతోషమే. కానీ రోజుకు 60 నుంచి 70 గ్రాముల ప్రొటీన్ తినాలని చెప్పి పంపారు, అది నావల్ల కావడం లేదు. ఆరు ముద్దలు తినేసరికి గొంతు దాకా వచ్చినట్టు ఉంటుంది. మా ఇంట్లో మాంసం, చేపలు వండరు. గుడ్డు మాత్రం తింటాను. పౌడరు డబ్బా మూత తీస్తేనే వికారం. దువ్వెన పెడితే కుచ్చులుగా జుట్టు వస్తోంది. పౌడర్లు తాగితే కిడ్నీలు పోతాయని అత్తగారి భయం. శనివారం ఒంటిపూట ఉంటాను. థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్లి. అక్కడ తినకపోతే మాట, తింటే బాధ. రోజూ ఏం తింటున్నానో వేరే కాగితం మీద రాసి పంపుతున్నాను. దారి చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

సమాధానం:

మీ ఉత్తరం కన్నా మీరు జతచేసిన ఆ కాగితం నాకు ఎక్కువ పనికి వచ్చింది. చాలామంది "కొద్దికొద్దిగా అన్నీ తింటున్నాను" అని రాసి ఊరుకుంటారు. మీరు మాత్రం ఎన్ని ముద్దలో కూడా లెక్కపెట్టి రాశారు. అందుకే నేనూ పెన్ను తీసుకుని పక్కన గ్రాములు వేసుకుంటూ వెళ్లాను.

పొద్దున ఆరింటికి టీ. అందులో పాలు యాభై మిల్లీలీటర్లు ఉంటాయేమో, గ్రామున్నర ప్రొటీన్. ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ. ఇడ్లీలకు నాలుగు, చట్నీకి ఒకటి. పదకొండింటికి కొబ్బరి నీళ్లు, దాదాపు సున్నా. మధ్యాహ్నం నాలుగు ముద్దలు పప్పు అన్నం, రెండు ముద్దలు పెరుగన్నం, అన్నీ కలిపి ఆరు గ్రాములు. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు, రెండున్నర. రాత్రి ఒక పుల్కా, బీరకాయ కూర, మూడున్నర. పడుకునే ముందు అరగ్లాసు పాలు, మూడు. మొత్తం ఇరవై ఒకటిన్నర. నేను కాస్త పిసినారితనం చేశాననుకున్నా పాతిక దాటదు. చెప్పిన దానిలో మూడో వంతుకు కొంచెం పైన.

ఇప్పుడు అదే కాగితాన్ని ఇంకోలా చూడండి. మీరు తక్కువ తింటున్నారా? లేదు. రోజుకు ఏడుసార్లు కడుపులో ఏదో ఒకటి వేస్తున్నారు. ఆ ఏడింటిలో ప్రొటీన్ కోసమని తిన్నది మాత్రం ఒక్కటీ లేదు. టీ అలవాటు కోసం, ఇడ్లీ తేలిక అని, కొబ్బరి నీళ్లు చలువ అని, బిస్కెట్టు టీకి తోడని, పాలు నిద్ర కోసం. ఒక్కొక్కటీ విడిగా చూస్తే తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. ఆపరేషన్‌కు ముందైతే ఇదే తిండి రెండింతలు, మూడింతలు తినేవారు కాబట్టి ప్రొటీన్ కూడా దాని వెంబడే వచ్చేది. స్లీవ్‌లో పొట్టలో సుమారు నాలుగింట మూడు వంతులు తీసేస్తారు. మిగిలింది అరటికాయలాంటి సన్నటి గొట్టం. మొదట్లో దానిలో పట్టేది ఒక చిన్న టీ గ్లాసు. ఆరు ముద్దలతో గొంతు దాకా రావడం మీ బలహీనత కాదు, ఆపరేషన్ పనిచేస్తోందనడానికి గుర్తు. మనం చేయవలసిందల్లా ఆ ఆరు ముద్దల్లో అన్నం ఎన్ని, పప్పు ఎన్ని అని చూసుకోవడం.

ఈ 60, 70 ఎక్కడి నుంచి వచ్చాయని మీకు అనుమానం రావచ్చు. ఈ ఆపరేషన్ తర్వాత రోజుకు కనీసం 60 గ్రాములని లెక్క. దానిపైన మనిషికి తగినట్టు, ఉండవలసిన బరువులో కిలోకు గ్రాము నుంచి గ్రామున్నర దాకా చెబుతారు. గమనించండి, ఉన్న బరువు కాదు, ఉండవలసిన బరువు. మీ ఎత్తుకు అది సుమారు 57 కిలోలు. కిలోకు 1.2 గ్రాముల చొప్పున వేస్తే 68. మీ డైటీషియన్ చెప్పింది సరిగ్గా సరిపోయింది.

అసలు ఎందుకింత పట్టుబడతారంటే, మీరు ఇప్పుడు రోజుకు తినే కేలరీలు శరీరానికి కావలసిన దానిలో సగం కూడా ఉండవు. మిగతాది శరీరం లోపలి నుంచే తీసుకోవాలి. కొవ్వు తీసుకుంటే అందరికీ ఆనందమే, కానీ అది కొవ్వును, కండను మీకు లాగా రెండు వేర్వేరు లెక్కలుగా చూడదు. ప్రొటీన్ చాలకపోతే తొడ కండను, భుజం కండను కూడా కరిగించి వాడుకుంటుంది. తూకం యంత్రం మీద అదీ కిలోలు తగ్గినట్టే కనిపిస్తుంది. పాత పుస్తకాల్లో ప్రొటీన్‌ను మాంసకృత్తులు అని రాసేవారు. మాంసంలో ఉండేవని చాలామంది అర్థం చేసుకుంటారు గానీ, మాంసాన్ని, అంటే కండను, చేసేవి అని దాని అర్థం. ఇంట్లో మాంసం వండకపోయినా మీ ఒంట్లో అది తయారు కావలసిందే. ఒకసారి చేతులు కట్టుకుని, కుర్చీ పట్టుకోకుండా లేచి చూడండి. ఐదుసార్లు వరుసగా లేవలేకపోతే, ఆ 24 కిలోల్లో కండ కూడా కొంత పోయి ఉండవచ్చని అనుమానించాలి.

ఇక పప్పు సంగతి. మన ఇళ్లలో ఉన్న పెద్ద భ్రమ ఇదే కనుక కాస్త నిదానంగా చెబుతాను. "రోజూ పప్పు తింటున్నాం కదండీ" అనని మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు. పచ్చి కందిపప్పు వంద గ్రాముల్లో 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, నిజమే. పెసరపప్పులో 24. కానీ మనం పచ్చి పప్పు తినం. ఒక రోజు మా ఇంట్లోనే తూచాను. వంద గ్రాముల కందిపప్పుకు రెండు టమాటాలు, నీళ్లు, పోపు పడి గిన్నె దిగేసరికి ఐదు వందల యాభై గ్రాములైంది. అంటే ఆ పప్పు వంద గ్రాములు వేసుకుంటే వచ్చేది నాలుగు గ్రాములు. అన్నంలో కలుపుకునేది అందులో సగం కూడా ఉండదు. పప్పుచారయితే ఇక చెప్పనక్కరలేదు, అందులో పప్పు కన్నా చింతపండు మాట ఎక్కువ వినిపిస్తుంది. అదే పప్పును నీళ్లు తగ్గించి ముద్దపప్పులా దించితే వంద గ్రాములకు ఏడెనిమిది గ్రాములు వస్తాయి. పప్పు అదే, పొయ్యి అదే, గ్లాసుడు నీళ్లు తగ్గించారంతే.

కాబట్టి మీకు నేను చెప్పే మొదటి మార్పు వంటగదిలో కాదు, కంచంలో. అన్నం వడ్డించుకుని దాని మీద పప్పు వేసుకోవడం మానేయండి. చిన్న గిన్నెలో గట్టిపప్పు వేసుకుని, కాస్త నెయ్యి చుక్క, కావాలంటే నిమ్మరసం పిండుకుని, చెంచాతో పప్పే ముందు తినండి. అది అయ్యాక పనీరో గుడ్డో. ఆ తర్వాత కూర. ఇంకా చోటుంటే అప్పుడు ఒకటో రెండో ముద్దల అన్నం. చోటు లేకపోతే అన్నం లేదు, ఆ పూటకు అంతే. పప్పు వట్టిగా తినడమేమిటని మొదటి వారం నాలుక మొరాయిస్తుంది. ఆవకాయ అంచుకు పెట్టుకుంటే మొరాయించడం తగ్గుతుందని నా అనుభవం, అయితే అంచుకు మాత్రమే.

రెండో మార్పు పెరుగు. మామూలు పెరుగు వంద గ్రాముల్లో ప్రొటీన్ మూడు, మూడున్నర గ్రాములు. రాత్రి అరలీటరు పాలు తోడు పెట్టండి. గేదె పాలయితే మీగడ తీసినవి. తోడుకున్న పెరుగును పలుచటి తెల్లగుడ్డలో మూటగట్టి, అడుగున గిన్నె పెట్టి, నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో జల్లెడ మీద ఉంచండి. పచ్చగా నీళ్లు దిగిపోయి, గుడ్డలో వెన్నలా గట్టి పెరుగు మిగులుతుంది, సుమారు రెండు వందల గ్రాములు. అందులో సగం తింటే ఆరేడు గ్రాములు. కొత్తిమీర, పచ్చిమిర్చి, ఉప్పు వేసి పోపు పెడితే పెరుగుపచ్చడిలాగే ఉంటుంది. దిగిన నీళ్లు పారబోయకండి. వాటిలోనూ కొంత ప్రొటీన్ ఉంటుంది, పుల్కా పిండి కలపడానికి వాడండి.

ఇప్పుడు మీ కాగితం మీదే తిరిగి రాస్తున్నాను. వేళలు మీవే, మార్చలేదు.

పొద్దున టీ మానమంటే మీరు ఈ పేజీ మూసేస్తారని తెలుసు. ఉండనివ్వండి, కానీ చక్కెర లేకుండా, సగం. దాని తర్వాత అరగంట ఆగి నూట యాభై మిల్లీలీటర్ల గోరువెచ్చటి పాలలో రెండు పెద్ద చెంచాల వెన్న తీసిన పాలపొడి కలుపుకోండి, పది గ్రాములు. ఎనిమిదింటికి ఇడ్లీ బదులు ఒక గుడ్డు, ఇంకో గుడ్డులోని తెల్లసొన, టమాటా వేసి తడిగా పొరటు, తొమ్మిదిన్నర గ్రాములు. గుడ్డు విసుగెత్తిన రోజు పలుచటి పెసరట్టు ఒకటి, ఎనిమిది గ్రాములు. లోపల ఉప్మా పెట్టకండి, ఆ ఉప్మాకు మీ దగ్గర చోటు లేదు. పదకొండింటికి కొబ్బరి నీళ్లకు బదులు, పౌడరు డబ్బాలో వచ్చే కొలత చెంచాతో సగం పౌడరు కలిపిన మజ్జిగ, పన్నెండు గ్రాములు. పౌడరు గొడవకు తర్వాత వస్తాను. మధ్యాహ్నం ఇందాక చెప్పిన గట్టిపప్పు చిన్న గిన్నెడు, దానితో అగ్గిపెట్టె పరిమాణంలో ఒకటిన్నర పనీరు ముక్క, రెండూ కలిపి పద్నాలుగు. సాయంత్రం బిస్కెట్ల చోట ఒక పిడికెడు పుట్నాల పప్పు, ఇరవై గ్రాములు తింటే నాలుగు. అది సంచిలో వేసుకుని ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. రాత్రి కూరలో చిన్న గుప్పెడు మీల్ మేకర్, అంటే ఎండువి పదిహేను గ్రాములు, ఏడున్నర. వాటిని వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, సన్నగా తరిగి టమాటాతో ఉడికించండి. పెద్ద ముక్కలుగా వేస్తే నమలడం కష్టం, మధ్యలో అడ్డం పడినట్టు ఉంటుంది. పడుకోవడానికి గంట ముందు ఆ గట్టి పెరుగు, ఆరు.

కూడి చూడండి. 63. కడుపులో వేసిన పరిమాణం మీ పాత కాగితంలో కన్నా పెద్దగా ఎక్కువ లేదు. ఇదంతా రేపటి నుంచే చేయమనడం లేదు. ఈ వారం పొద్దున్నది ఒక్కటి మార్చండి, వచ్చే వారం మధ్యాహ్నానిది.

తినే తీరు గురించి రెండు మాటలు, ఎందుకంటే మంచి తిండి కూడా తీరు తప్పితే బయటికి వస్తుంది. చెంచా నోట్లో పెట్టుకుని, చేతిలోది కింద పెట్టేయండి. నమలడం అయ్యాక మళ్లీ తీసుకోండి. ఒక పూటకు ఇరవై నిమిషాలు తక్కువ కాకుండా. తింటూ నీళ్లు తాగవద్దు, తిన్నాక అరగంట దాకా వద్దు. మిగతా వేళల్లో గుక్కగుక్కగా రోజుకు లీటరున్నర తక్కువ కాకూడదు. చారన్నం, పలుచటి మజ్జిగన్నం సులువుగా దిగుతాయని అందరూ అలవాటు పడతారు. సులువుగా దిగడమే వాటితో చిక్కు. జారిపోయి గంటలో మళ్లీ ఆకలి వేయిస్తాయి, బరువు మళ్లీ పెరగడం చాలామందికి అక్కడే మొదలవుతుంది. ఇంకొకటి, కడుపు నిండిందని చెప్పడానికి కొత్త పొట్టకు వింత పద్ధతులు ఉంటాయి. కొందరికి ఎక్కిళ్లు, కొందరికి ఒక తుమ్ము, కొందరికి ముక్కు కారడం. మీది ఏదో కనిపెట్టండి. అది వచ్చాక ఒక్క ముద్ద కూడా వద్దు, కంచంలో పనీరే మిగిలి ఉన్నా సరే. గొంతు దాకా వచ్చే వరకు తింటున్నానని రాశారు చూడండి, ఆ గుర్తును మీరు రోజూ దాటిపోతున్నారు.

పౌడరు. పాలవిరుగుడు నీళ్ల నుంచి తీసే వే ప్రొటీన్‌లో ఒక చెంచా, ముప్పై గ్రాములకు, ఇరవై నుంచి పాతిక గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. గుడ్డు తప్ప మాంసం తినని మనిషికి మొదటి ఏడాది ఇది మంచి ఊతకర్ర. మీ వికారం చాలావరకు దానిలో కలిపిన వనిల్లా, చాక్లెట్ వాసన వల్లే అయి ఉంటుంది. ఏ రుచీ కలపని పౌడరు దొరుకుతుంది, అడిగి తీసుకోండి. సగం చెంచాను చల్లటి మజ్జిగలో గిలక్కొట్టి, ఉప్పు, జీలకర్రపొడి, నలిపిన కరివేపాకు వేసి, అరగంట పాటు కొంచెం కొంచెంగా తాగండి. మరిగే పాలలో వేయకండి, ముద్దలు కట్టి మీకు జన్మలో మళ్లీ దాని మొహం చూడాలనిపించదు. కడుపు ఉబ్బరం, విరేచనం అయితే పాలలో ఉండే లాక్టోజు అనే చక్కెర పడటం లేదన్నమాట, వే ఐసొలేట్ అనే రకంలో అది చాలా తక్కువ.

కొనేటప్పుడు డబ్బా ముందువైపు బొమ్మలు చూడకండి, వెనక చిన్న అక్షరాల పట్టిక చూడండి. వంద గ్రాములకు ప్రొటీన్ ఎంతని ఉంటుంది. డెబ్బై, ఎనభై ఉంటే అది ప్రొటీన్ పౌడరు. పది, పదిహేను ఉండి చక్కెర దానికి రెండింతలుంటే అది పిల్లల పాలలో కలిపే తీపి పొడి, ఎవరు ఏ పేరు పెట్టి అమ్మినా సరే. రాగిజావ కూడా ఇలాంటి గౌరవమే పొందుతోంది ఈ మధ్య. రాగుల్లో కాల్షియం దండిగా ఉంటుంది, కాదనను. కానీ రెండు చెంచాల పిండితో కాచిన గ్లాసు జావలో ప్రొటీన్ గ్రామున్నర. మాంసం తినే ఇళ్లవారికి కూడా ఒక మాట: కాళ్ల సూపు, ఎముకల సూపు రుచికి తాగండి గానీ దాన్ని ఈ లెక్కలో రాసుకోకండి. అందులో దిగేది ఎక్కువగా కొల్లాజెన్ అనే ఒక రకం ప్రొటీన్. శరీరానికి తప్పనిసరిగా కావలసిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం దానిలో లేదు, ఒక్కటిగా అది చాలదు.

ఈ ఒక్క పేరా మీ అత్తగారికి చదివి వినిపించండి. అమ్మా, మీ భయం ఊరికే పుట్టింది కాదు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు డాక్టర్లు పప్పు, పాలు తగ్గించమంటారు, అది మీరు ఎక్కడో విని ఉంటారు. కానీ అది కిడ్నీలు ముందే దెబ్బతిన్నవారి మాట. మీ కోడలు తాగేది రోజుకు సగం చెంచా. దానితో కలిపి ఆమె మొత్తం తినేది 60 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లందరికీ కిలో బరువుకు 0.83 గ్రాములు చెబుతుంది. అంటే డెబ్బై కిలోలుండే మీ అబ్బాయి తినవలసింది కూడా దాదాపు అంతే. ఆమెకు ఇన్నాళ్లు షుగర్ ఉంది కనుక కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ ఒకసారి చూపించమనండి. అవి బాగుంటే నిశ్చింతగా ఉండండి. ఒకవేళ బాగా లేకపోతే ఎంత తినాలో ఆమె డాక్టరు మళ్లీ చెబుతారు, అప్పుడు నా లెక్క చెల్లదు. కిడ్నీల గురించి మీకు బెంగగా ఉంటే ఆమె నీళ్లు తాగుతోందో లేదో చూస్తుండండి. ఈ ఆపరేషన్ తర్వాత ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది నీళ్లు చాలకపోవడమే. మరో సహాయం కూడా మీ చేతిలో ఉంది: పప్పులో ఆ చివరి గ్లాసు నీళ్లు పోయకండి.

జుట్టు విషయంలో మీరు అనుకుంటున్నంత ఘోరం జరగలేదు. పెద్ద ఆపరేషన్ గానీ, ఒక్కసారిగా బరువు తగ్గడం గానీ జరిగినప్పుడు, చాలా వెంట్రుకలు ఒకేసారి పెరగడం ఆపి విశ్రాంతిలోకి పోతాయి. అలా పోయినవి సుమారు మూడు నెలలకు రాలతాయి. అందుకే మీలాంటి వారికి మూడో నెల, నాలుగో నెలలో మొదలవుతుంది. కాన్పు తర్వాత జుట్టు ఊడిన సంగతి గుర్తుందా? అదే ఇది. కుదుళ్లు బతికే ఉంటాయి, కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. అయితే ఇరవై గ్రాముల ప్రొటీన్‌తో నడిస్తే రాలడం ఎక్కువవుతుంది, తిరిగి రావడం ఆలస్యమవుతుంది. ఏడాది దాటినా ఆగకపోతే, లేదా ఆగి మళ్లీ మొదలైతే ఐరన్, జింకు, బి12 చూపించాలి. బయోటిన్ మాత్రలు కొనమని ఎవరో ఒకరు ఈపాటికి చెప్పే ఉంటారు. ఒంట్లో అది తక్కువైతే తప్ప దానితో జుట్టు రాదు. పైగా అది థైరాయిడ్ వంటి రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుంది. వాడుతుంటే మీ డాక్టరుకు చెప్పి, పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపండి.

మాత్రల మాట వచ్చింది కనుక: థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున వేసుకుంటారు కదా, కాల్షియం, ఐరన్ మాత్రలకు దానికి నాలుగు గంటల ఎడం ఉండాలి. కాల్షియానికి, ఐరన్‌కు మధ్య రెండు గంటలు. ఐరన్‌ను టీతో మింగవద్దు. సోయా కూడా థైరాయిడ్ మాత్రకు అడ్డం పడుతుంది, అందుకే మీల్ మేకర్‌ను రాత్రికి పెట్టాను. ప్రొటీన్ అందుతోంది కదా అని విటమిన్ మాత్రలు మానేయకండి, అవి జీవితాంతం.

శనివారం గురించి. మొదటి ఏడాది ఉపవాసం వద్దనే చెబుతాను, దేవుడి మీద గౌరవంతోనే. మనసు ఒప్పకపోతే అన్నం మానండి, తిండి మానకండి. పాలు, గట్టి పెరుగు, పనీరు, మజ్జిగలో పౌడరు, నానబెట్టి ఉడికించిన పెసలు, ఇవన్నీ చాలా ఇళ్లలో ఒంటిపూటకు అడ్డం రానివే. ఒక్క గుడ్డు మానేస్తే ఆ రోజుకు యాభై దాకా వస్తుంది, అది చాలు. నిజం చెప్పాలంటే, అన్నం లేని రోజున మీ లెక్క సులువుగా కుదురుతుంది.

నడక చేస్తున్నారనుకుంటాను. నడక గుండెకు మంచిది, కండకు చాలదు. కుర్చీలో నుంచి లేచి కూర్చోవడం పదేసి సార్లు, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి లేవడం, లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తడం, వారానికి మూడు రోజులు చేయండి. తిన్న ప్రొటీన్ కండలోకి పోవాలంటే ఆ కండకు పని ఉండాలి.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం నాలాంటి వాళ్లకు ఉత్తరాలు రాస్తూ కూర్చోకండి. రెండు మూడు రోజులు ఏది తిన్నా వాంతి అవుతుంటే, ఒకటి రెండుగా కనిపిస్తుంటే, నడకలో తూలుతుంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, ఆపరేషన్ అయిన సంగతి ముందే చెప్పండి. బి1 విటమిన్ పడిపోతే ఇలా అవుతుంది, ఆలస్యం చేస్తే నరాలకు శాశ్వతంగా నష్టం. పాదాల్లో వాపు, నొక్కితే గుంట పడటం ప్రొటీన్ బాగా తగ్గిందని చెప్పే గుర్తుల్లో ఒకటి, దానికీ ఆగవద్దు. ఆరో నెల రక్తపరీక్షలు ఎలాగూ దగ్గరలోనే ఉన్నాయి. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఒక్కటి బాగుందని తృప్తి పడకండి, అది చాలా ఆలస్యంగా పడిపోతుంది. బరువు తగ్గడానికే చేసే ఇంకో ఆపరేషన్, గ్యాస్ట్రిక్ బైపాస్, చేయించుకున్నవారు ఇది చదువుతుంటే, మీకు ఈ జాగ్రత్తలన్నీ ఇంకా గట్టిగా వర్తిస్తాయి. తిండి పేగులో కొంత భాగాన్ని దాటిపోతుంది కనుక విటమిన్ల మోతాదు మీ డాక్టరు చెప్పినంత వాడాలి.

చివరగా పెళ్లి. ఇంట్లోనే గట్టి పెరుగో గుడ్డో తిని బయలుదేరండి. సంచిలో పుట్నాల పప్పు పొట్లం. బంతిలో కూర్చుంటే వద్దన్నా వడ్డించి పోతారు, కాబట్టి పళ్లెం మీ చేతిలో ఉండే బఫే వైపు వెళ్లండి. ముద్దపప్పు, పనీరు కూరలో ముక్కలు రెండు మూడు, గ్రేవీ విదిలించి. అక్కడితో సరి. ఎవరైనా అడిగితే ఆపరేషన్ కథంతా చెప్పనక్కరలేదు, "డాక్టరు వద్దన్నారు" అంటే మన వాళ్లు ఇంకేమీ అడగరు. కానీ ఆడపడుచు అలా కాదు. ఆమె స్వయంగా పూర్ణంబూరె పట్టుకుని వస్తుంది, మీరు తినేదాకా ఎదురుగా నిలబడుతుంది. కాదనకండి. తీపి ఎక్కువైతే కొందరికి చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కడుపు తిప్పుతుంది కనుక అంచున ఒక చిన్న కొరుకు కొరికి, బాగా నమిలి, "అబ్బ, ఎంత బాగుందో వదినా" అని మెచ్చుకుని, ఆమె అటు తిరగ్గానే మిగతాది మీ వారి పళ్లెంలో వేసేయండి.